ఓఫీరు ఎక్కడ?

మా జెకర్యా మామ ఉప్పల్ సర్వే ఆఫీసులో
ముప్పై మూడేళ్ళు గీతలు గీసిన మనిషి.
ఇంకా పుట్టని రోడ్ల వెడల్పు కూడా తెలుసు ఆయనకు.
రిటైరైన మర్నాటి నుంచి
ఒకే ఒక్క ఊరి కోసం వెతుకుతున్నాడు.
ఓఫీరు.

హీబ్రూ లేఖనాల్లో పేరుంది, దారి లేదు.
ఓడలు పోయాయని ఉంది, బంగారం వచ్చిందని ఉంది,
చందనపు మాన్లు, విలువైన రాళ్ళు.
ఏ గాలికి తెరచాప ఎత్తారో, ఎన్ని అమావాస్యలు దాటారో
రాసినవాడు రాయలేదు.
అందరికీ తెలిసిన ఊరికి అడ్రసెవరు రాస్తారు?

లాలాగూడలో రైల్వే క్వార్టర్ల వెనక రెండు గదుల ఇల్లు.
మంచం మీద ఎర్ర సముద్రం పరిచి ఉంటుంది,
దాని మీద ఇస్త్రీకి పోవాల్సిన లుంగీ.
అరబ్బు ఎడారి అంటారు కొందరు.
ఆఫ్రికా ఒడ్డు అంటారు కొందరు.
ముంబై పక్కనున్న సొపారా అనేవాళ్ళ వంతు వచ్చేసరికి
మామ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు,
మనసు పడ్డాక న్యాయం చెప్పడం కష్టమని.

ఇంకోచోట, మూడేళ్ళకోసారి తిరిగొచ్చే ఓడల్లో
ఏనుగు దంతం, కోతులు, తుక్కీలు.
తుక్కీ అంటే నెమలి కావచ్చట.
అరవంలో తోగై. మనకు తోక.
"సూడు బిడ్డా, పిట్ట ఎగిరిపోయింది,
తోక ఒక్కటే వాళ్ళ నోట్ల ఇరుక్కుంది."
తప్పైనా కావచ్చు అని తనే అంటాడు.
అందుకే ఇంకు ముట్టడు. పెన్సిలే.

నేను మాదాపూర్‌లో మ్యాపుల కంపెనీలో
రోజుకు నాలుగు వందల పిన్నులు సరిచేస్తాను.
మూతపడ్డ టిఫిన్ సెంటర్లు, పేరు మారిన కాలనీలు,
గోడ పడి సగమైన గల్లీలు.
మాసబ్ ట్యాంక్‌లో ట్యాంకేదని ఎవరో ఫిర్యాదు పెట్టారు.
"సరిగ్గానే ఉంది" అని నొక్కాను.
నీళ్ళు పోయాయి గానీ
బస్సు కండక్టరు ఇంకా ఆ పేరే అరుస్తున్నాడు కదా.

మొన్న శుక్రవారం మామ నా ఫోను వంక చూసి
"దాంట్ల కొట్టు, ఏమంటదో" అన్నాడు.
కొట్టాను. నీలం చుక్క కాసేపు తిరిగి తిరిగి
ఓఫీర్ గోల్డ్ లోన్స్, తార్నాక,
రెండున్నర కిలోమీటర్లు,
ఎనిమిదింటికి మూస్తారు అంది.

మామ పడీ పడీ నవ్వాడు. మూడు వేల ఏండ్ల పంచాయితీ
నీ ఫోను ఒక్క నిమిషంల తెంపింది అన్నాడు.
నేనూ నవ్వాను.
వంటింట్లో రిబ్కత్త గరిటె చప్పుడు ఆగింది.

నిరుడు మామ గుండెకు స్టెంటు వేసిన రోజు
అత్తా నేనూ ఆటో దిగిన మెట్లు అవే.
నాలుగు గాజులు తూకానికెక్కాయి,
ఒక రసీదు దిగింది.
ఆఫీసు వాళ్ళే కట్టారని చెప్పాం మామకు.
అప్పటి నుంచి అత్త ఏప్రిల్ ఎండలో కూడా
మణికట్టు దాకా చేతులున్న జాకెట్టుతోనే
చర్చికి వస్తుంది.

ఈ ఆదివారం వెళ్ళేసరికి మంచం మీద ఎర్ర సముద్రం లేదు.
ట్రేసింగ్ పేపరు మీద లాలాగూడ నుంచి తార్నాక దాకా
ప్రతి మలుపూ, రైలు వంతెన,
ఒక మూల స్కేలు, ఒక మూల ఉత్తరం బాణం.
చివర్లో చిన్న చతురస్రం.
పక్కన పేరు రాయలేదు.
ఆ ఒక్కటి మాత్రం ఇంకుతో దిద్దాడు.

అత్త పాలకని బయటికి పోయాక
గొంతు తగ్గించి అడిగాడు:
"ఓడ మూడేండ్లకోసారి వచ్చేదంట.
మన పెన్షన్‌తోని ఎన్నేండ్లు పడ్తది?"